కాల్షియం తాగే రాయి

పళ్ళ డాక్టరుకి ఆదివారం వస్తే క్లినిక్ గుర్తుండదు. వారమంతా జనం నోళ్ళలోకి తొంగిచూసి విసిగిన మనిషి, ఆ ఒక్కరోజూ హాల్లో గోడ పొడుగునా ఉన్న అక్వేరియం ముందు స్టూలు వేసుకుని కూర్చుంటాడు. ఉప్పునీళ్ళు, నీలం లైటు, మెల్లగా ఊగే పగడాలు, వాటి మధ్య దాగుడుమూతలాడే నారింజ చేపలు. చిన్న గాజు సీసాలో ఆ నీళ్ళు పట్టి, పొడి కలిపి, మందు ఒక్కొక్క చుక్కే వేస్తాడు. గులాబీ రంగు నీలంగా మారడానికి ఎన్ని ఎక్కువ చుక్కలు పడితే నీళ్ళలో అంత ఎక్కువ కాల్షియం ఉన్నట్టు. పగడాలు ఆ కాల్షియంతోనే ఒళ్ళు కట్టుకుంటాయి. తగ్గితే బాటిల్లోంచి కలపాలి, ఎక్కువైతే ఆపాలి. అదొక వంట లాంటి పని.

"మా నాన్న నన్ను పళ్ళ డాక్టరుకిచ్చి చేశాడనుకున్నాను. నీళ్ళ డాక్టరని ఇప్పుడు తెలిసింది," అంది భార్య, సోఫాలో కాళ్ళు చాపుకుని.

"నీళ్ళయితే నోరు తెరవమన్నప్పుడు ఏడవవు," అన్నాడు.

ఆమెకి నెలలు నిండుతున్నాయి. పెళ్ళయిన చాలా ఏళ్ళకి, అంతకుముందు ఆశపెట్టి పోయినవి పోగా, నిలిచిన కడుపు. ఈ బిడ్డ క్షేమంగా చేతికొస్తే చాలని ఇద్దరూ ఊపిరి బిగబట్టుకుని బతుకుతున్నారు. అలాంటిది మొన్న స్కానింగులో బిడ్డ ఎముకలు ఉండాల్సినంత గట్టిగా లేవని డాక్టరమ్మ మాత్రలు పెంచింది. ఆ రోజు నుంచి డాక్టరుకి అన్నం సరిగా దిగడం లేదు.

ఆ తొట్టె కొత్తగా కొన్నది కాదు. భర్త పోయిన ఒక పెద్దావిడ అమ్మకానికి పెడితే తెచ్చుకున్నాడు. ఆ పోయినాయనకి దానిమీదే ప్రాణమంతా ఉండేదట. ఇచ్చేటప్పుడు ఆవిడ మధ్యలో ఉన్న బూడిదరంగు రాయి చూపించి, "దాన్ని మాత్రం కదపకండి బాబూ. నీళ్ళలో కాల్షియం తగ్గనివ్వకండి," అంది. సిమెంటుతో ఇంట్లో పోసిన రాయి. పగడాలు అతుక్కోవడానికి అలాంటివి చాలామంది పోసుకుంటారు కాబట్టి డాక్టరు ఏమీ అనుకోలేదు.

ఈమధ్య ఆ నీళ్ళు మాట వినడం మానేశాయి. పొద్దున్న కాల్షియం పోస్తే సాయంత్రానికి ఖాళీ. మందు రెండు చుక్కలు పడగానే రంగు మారిపోతోంది. ఉన్న పగడాలు అంత తినేవి కావు. దానికి తోడు రాయి మీద గులాబీరంగు పొర ఒకటి మొదలైంది. తడిగా, ఉబ్బెత్తుగా, మెరుస్తూ. నురగతో మురికిని పైకి నెట్టే గొట్టం కప్పు గంటగంటకీ నిండిపోతోంది. అందులో గోధుమరంగు జిగురు, చెంచాతో లేపితే తీగలా సాగుతుంది. దాన్ని పారబోసిన ప్రతిసారీ డాక్టరు మొహం పక్కకి తిప్పుకుంటున్నాడు. వాసన మరీను. సముద్రం వాసన కాదది. చీము పట్టిన చిగుళ్ళ వాసన. ఆ ఒక్క వాసన ఆయన ఎక్కడున్నా పట్టేయగలడు.

ఈ గొడవలో ఇంకో దరిద్రం ఉంది. నీళ్ళు మార్చాలంటే గొట్టం ఒక కొస తొట్టెలో వేసి, రెండో కొస నోట్లో పెట్టుకుని ఓసారి గట్టిగా పీల్చాలి. అప్పుడు నీళ్ళు బకెట్లోకి దిగుతాయి. దానికి రబ్బరు బుడ్డి దొరుకుతుంది గానీ, పాతది చినిగాక కొత్తది కొనడానికి మన డాక్టరుగారికి బద్ధకం. వచ్చినవాళ్ళందరికీ నోటి శుభ్రత మీద పాఠాలు చెప్పే మనిషి, ఇంట్లో ఈ పని చేసేవాడు. కిందటి వారం ఆయన రావడం ఆలస్యమైతే, పోనీ సాయం చేద్దామని భార్యే పీల్చింది. గుక్కెడు లోపలికి పోయింది. "ఛీ, ఎవరి ఎంగిలో తాగినట్టుంది," అని ఉమ్ముతూ నవ్వింది. ఆయనా నవ్వాడు.

ఆ తర్వాతే ఆమె చిగుళ్ళ నుంచి రక్తం కారడం మొదలైంది. కడుపుతో ఉన్నవాళ్ళకి అది మామూలేనని ధైర్యం చెప్పాడు. కానీ కాల్షియం బాటిల్ అయిపోయి, నీళ్ళలో పోయడం కుదరని రోజున, ఆమె దవడ పన్ను ఒకటి కదిలింది. కొత్త బాటిల్ తెచ్చి పోశాక నొప్పి తగ్గింది. డాక్టరు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడానికి ఇష్టపడలేదు.

ఈ ఆదివారం పొద్దున్నుంచే వాన. మధ్యాహ్నం అన్నాలయ్యాక కరెంటు పోయింది. మోటారు ఆగింది, బుడగలు ఆగాయి, నీలం లైటు ఆరిపోయింది. హాలంతా మసక. తొట్టె ఎప్పుడూ చేసే గరగర లేకపోవడంతో ఇల్లు ఖాళీ అయినట్టుంది. భార్య సోఫాలోనే కునుకు తీస్తోంది.

అప్పుడు వినిపించింది.

తొట్టెలోంచి... చప్పరిస్తున్న చప్పుడు. బోసినోటి మనిషి ఏదో చీకుతున్నట్టు.

డాక్టరు చొక్కా చేయి పైకి మడిచి, ఫోను లైటు వేసి, మోచేతిదాకా నీళ్ళలో పెట్టాడు. నీళ్ళు గోరువెచ్చగా, జిగటగా ఉన్నాయి. వేళ్ళు రాయి మీది పొరకు తగిలాయి. మెత్తగా ఉంది. నొక్కితే లోపలికి పోయి, మళ్ళీ ఉబ్బింది. దాని కింద గట్టిగా వరుస...

వేళ్ళకి ముందు తెలిసింది, ఆయనకి తర్వాత తెలిసింది. ముందు పళ్ళు. పక్కన కోర. దాని వెనక అరిగిపోయిన దవడ పళ్ళు. రోజూ తడిమే వరుసే. ఏదో మెత్తటిది, గరుకుగా, ఆయన వేలి చివరని నెమ్మదిగా నాకింది.

చేయి లాక్కుని బేసిన్ దగ్గరికి పరిగెత్తాడు. తిన్నదంతా కక్కేశాడు. చేయి సబ్బుతో ఎంత రుద్దినా ఆ జిగురు గోళ్ళ సందుల్లోంచి పోలేదు. తన చేయంటేనే అసహ్యం వేసింది.

పెద్దావిడకి ఫోన్ చేశాడు. చాలాసేపటికి ఎత్తింది.

"ఆ రాయి దేంతో పోశారండీ?"

అటువైపు తలుపు వేసిన చప్పుడైంది. తర్వాత గుసగుసగా చెప్పింది. "ఆయన్నే కలిపాను బాబూ. బూడిద, మిగిలిన ఎముకలు... నన్ను తొట్టె దగ్గరే ఉంచు అన్నారు. సిమెంటులో కలిపి పోశాను."

"అది పెరుగుతోందండీ. పళ్ళొచ్చాయి."

"తెలుసు. అందుకేగా ఇచ్చేశాను." ఆవిడ గొంతు ఇంకా తగ్గింది. "ఆ నీళ్ళు ఎవరూ మింగలేదుగా?"

డాక్టరు సోఫాలో పడుకున్న భార్య వైపు చూశాడు.

"మింగలేదుగా బాబూ? చెప్పండి..."

ఫోన్ పెట్టేశాడు.

ఇంక ఆలోచించలేదు. గ్లౌజులు వేసుకుని రాయిని బకెట్లోకి లాగాడు. బాత్రూంలో పెట్టి ఇంట్లో ఉన్న వెనిగరంతా కుమ్మరించాడు. సున్నపుదేదైనా దాంట్లో కరగాల్సిందే. బకెట్ బుసబుసా పొంగింది. గులాబీ పొర ముడుచుకుని, చీలి, మాడిన మాంసంలా ఊడివచ్చింది. పళ్ళు ఒకదానిమీద ఒకటి నూరుకున్నాయి... కటకట... కటకట... ఆ నురగ గడ్డానికి చిందితే డాక్టరు ఏడ్చినంత పని చేశాడు. చీకటి పడేసరికి అడుగున బూడిదరంగు ముద్ద తప్ప ఏమీ మిగల్లేదు. దాన్ని సుత్తితో చితక్కొట్టి, ఊరి చివర చెత్తకుప్పలో పారేసి వచ్చాడు.

మర్నాడు సీసాలో చుక్కలు వేశాడు. గులాబీ రంగు మారలేదు. వేస్తూనే ఉన్నాడు, చాలాసేపటికి గానీ నీలం కాలేదు. సాయంత్రమూ అంతే. కాల్షియం ఎక్కడిదక్కడే నిలిచింది. వారం తిరిగేసరికి భార్య పన్ను బిగుసుకుంది, రక్తం ఆగింది. డాక్టరమ్మ పిలిచి కడుపు తడిమి చూసి, బిడ్డ బాగా పుంజుకుందని, ఇంక బెంగ పెట్టుకోవద్దని చెప్పింది. దారిలో ఆటోలోనే డాక్టరు కళ్ళు తుడుచుకున్నాడు. చాన్నాళ్ళ తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాడు.

భోజనాలయ్యాక భార్య పిలిచింది. "ఏమండీ, ఇలా రండి. ఇందాకట్నుంచి ఒకటే అల్లరి. చెయ్యి పెట్టి చూడండి."

పక్కన కూర్చుని కడుపు మీద అరచేయి ఆనించాడు. లోపల ఏదో కదిలింది. తల్లి చర్మం కిందనుంచి నెమ్మదిగా, వెతుకుతున్నట్టు వచ్చి, ఆయన వేళ్ళ కింద ఆగింది.

"తంతున్నాడా?" అంది, నవ్వుతూ.

డాక్టరు చేయి వెనక్కి తీసుకోలేకపోయాడు. చిన్నచిన్న మొనలు, పై వరుస ఒకటి, కింద వరుస ఒకటి, చర్మం అవతలినుంచి ఆయన వేలిని పట్టుకుని మెల్లగా నొక్కుతున్నాయి.