స్టీరింగ్ మీద చొక్కా

మా షెడ్డులో పద్నాలుగు స్కూలు బస్సులు, పద్నాలుగింటికీ పద్నాలుగు రోగాలు. వాటికి వైద్యం చేసేది మా బావా, నేనూ. బావ అంటే మా అక్క మొగుడు. నాకు స్పానర్ పట్టుకోవడం నేర్పినవాడు, నేర్పేటప్పుడు అదే స్పానర్‌తో నెత్తి మీద మొట్టినవాడు కూడా.

ఆయన పెట్టిన నియమం ఒకటుంది. బస్సు కిందికి దూరేవాడు తన ఖాకీ చొక్కా విప్పి స్టీరింగ్‌కి తగిలించాలి. తాళంచెవి జేబులో వేసుకుంటే చాలదు, డ్రైవర్ దగ్గర ఇంకోటి ఉంటుంది. చొక్కా కనబడిందంటే మాత్రం ఆ సీట్లో ఎవడూ కూర్చోకూడదు. "చొక్కా ఉందంటే కింద ప్రాణం ఉన్నట్టేరా," అనేవాడు బావ.

మూడు నెలల కిందట ఆ ప్రాణం పోయింది. తొమ్మిదో నంబర్ బస్సు కింద పడుకున్న బావ మీదుగా వెనక చక్రం ఎక్కి దిగింది. స్టీరింగ్ మీద చొక్కా లేదని డ్రైవర్ గుండెలు బాదుకుంటూ చెప్పాడు. వాడు చెప్పింది నిజమే. చొక్కా నా ఒంటి మీద ఉంది.

ఆ పొద్దున ఆ బస్సు కింద పనిచేసింది నేను. భోజనానికి లేచి, స్టీరింగ్ మీది నా చొక్కా తీసి కొళాయి దగ్గర మేకుకి తగిలించి, బనీనుతోనే తిన్నాను. ఆలోగా మిగిలిన పని చూద్దామని బావ కిందికి దూరాడు. నాకు తెలియదు. బేరింగులు కొనడానికి బజారుకి వెళ్లే తొందరలో, నాది మేకుకి ఉన్న సంగతి మరిచి, స్టీరింగ్ మీదున్నది నాదే అనుకుని వేసుకుపోయాను. ఒంగి చూడలేదు.

తిరిగొచ్చేసరికి జనం మూగి ఉన్నారు. నా మోచేతి దగ్గర, బావ చొక్కాకి అక్క వేసిన నీలం దారం కుట్టు అప్పుడు చూసుకున్నాను. షెడ్డు వెనక్కి పోయి, పాత ఆయిల్ పోసి ఆ చొక్కా తగలబెట్టాను. బూడిద కాలువలో కలిపాను. బావే చొక్కా తగిలించడం మరిచిపోయాడని అందరూ తేల్చారు. నేనూ తలూపాను.

అప్పట్నుంచి దొంగకు తేలు కుట్టినట్టే ఉంది నా బతుకు. అక్క రోజూ అడిగేది ఒకటే. "ఊరందరికీ జాగ్రత్తలు చెప్పే మనిషి, తన చొక్కా తను ఎలా మర్చిపోయాడురా?" నేను కంచంలోకి తల దించుకునేవాణ్ణి. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఆమెకి నిజం తెలిసే రోజు కంటే నేనూ అలాగే బస్సు కింద పడి చావడం మేలనుకునేవాణ్ణి.

ఒక ఆదివారం మధ్యాహ్నం షెడ్డులో నేనొక్కణ్ణే ఉన్నాను. గేటు దగ్గర వాచ్‌మన్. తెల్లారితే తొమ్మిదో నంబర్ మళ్లీ పిల్లల్ని ఎక్కించుకోవాలి, దాని బ్రేకులు బిగించాలి. బయట వాన. రేకుల మీద ఒకటే మోత, లోపల తడిసిన గ్రీజు వాసన. చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టాను. తాళంచెవి జేబులో వేసుకున్నాను. చొక్కా స్టీరింగ్‌కి తగిలించి, రెండుసార్లు చూసుకుని, గోనెపట్టా మీద వెల్లకిలా పాక్కుంటూ వెనక ఇరుసు కిందికి చేరాను.

కరెంటు పోయింది. మబ్బుకి షెడ్డంతా చీకటైపోయింది. టార్చి పళ్ల మధ్య పెట్టుకుని పని సాగించాను.

బస్సు తలుపు కిర్రుమంది. బస్సు ఒక పక్కకి కొంచెం కుంగింది.

టార్చి తీసి అరిచాను. "ఎవడ్రా అది? చొక్కా కనబడట్లేదా?"

పైన అడుగులు... డ్రైవర్ సీటు దాకా వెళ్లి ఆగాయి. బట్ట దులిపిన చప్పుడు. మళ్లీ దిగాయి. చక్రం పక్కన రెండు పాదాలు వచ్చి నిలబడ్డాయి. వాటి నుంచి నల్లటి నీళ్లు కారుతున్నాయి. కాలిన బట్ట వాసన...

ఎడమ బొటనవేలికి గోరు లేదు. ఆ పాదం నాకు తెలుసు.

"బావా..."

మొదటి చెక్క పక్కకి జరిగింది. తర్వాత రెండోది.

ఆయన ఒంగాడు. ఛాతీ అనడానికేమీ మిగల్లేదు. పలకలా అణిగి, దాని మీద టైరు గీతలు అచ్చు పడి ఉన్నాయి. విరిగిన పక్కటెముక ఒకటి చర్మం చీల్చుకుని బయటికొచ్చి, ఊపిరి తీసినప్పుడల్లా కదులుతోంది. ముఖం మాత్రం మామూలుగానే ఉంది. నేను నట్టు వంకరగా బిగించినప్పుడు చూసే చూపే.

"ఇలా... ఒంగి చూస్తే పోయేదిగా, బామ్మర్దీ," అన్నాడు గుసగుసగా.

ఇంజిన్ స్టార్టయింది. తాళంచెవి నా జేబులోనే ఉంది.

బయటికి దొర్లబోయాను. ఆయన నా ఎడమ చెయ్యి పట్టుకుని చక్రం ముందుకి లాగాడు. తల కూడా అటే జరుగుతోంది. టైరు నా చెవిని రాసుకుంది. చెవి తెగి మెడ మీదికి వేడిగా రక్తం కారింది. కాళ్లతో తన్నాను. ఇరుసుకి కొట్టుకుని మోకాలి చిప్ప పగిలింది.

"వదులు బావా! అక్కకి చెప్తాను! నేనే చెప్తాను!"

పట్టు కొంచెం సడలింది. తల లాక్కున్నాను. చెయ్యి లాక్కోలేకపోయాను. వేళ్లు ఒక్కొక్కటే విరగడం వాన మోతలోనూ నాకు వినిపించింది.

మెలకువ వచ్చేసరికి ఆసుపత్రి మంచం పక్కన అక్క కూర్చుని ఉంది. ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. వాచ్‌మన్ బస్సు కిందంతా వెతికాడట, దొరకలేదట.

"ఎలా జరిగిందిరా?"

బావకిచ్చిన మాట గుర్తుంది. నోరు తెరిచాను. ఏడ్చి ఏడ్చి వాచిన ఆ కళ్లు చూశాక, పిరికివాణ్ణి, మాట మింగేశాను.

"చెక్కలు జారాయక్కా. నేనూ బావలాగే... చొక్కా తగిలించడం మర్చిపోయాను."

"అదేంట్రా? చొక్కా స్టీరింగ్ మీదే ఉందిగా. వాచ్‌మన్ తెచ్చిచ్చాడు."

సంచిలోంచి ఖాకీ చొక్కా తీసి ఒళ్లో మడత విప్పింది. ఆమె చెయ్యి మోచేతి దగ్గర ఆగింది. నీలం దారం కుట్టు. దాన్ని వేలితో ఒకసారి తడిమింది, ఇంకోసారి తడిమింది. తలెత్తి నా వంక చూసింది. అలా చూడటం నా జన్మలో ఎరగను.

"ఇది మీ బావది. నీ దగ్గరికెలా వచ్చింది?"

చొక్కా జేబు బరువుగా వేలాడుతోంది. గుండీ పెట్టి ఉంది. అక్క దాని మీద చెయ్యి వేసింది.

"ఇందులో ఏముంది?"

సరిగ్గా అప్పుడు, లేని నా రెండు వేళ్లకీ ఆ జేబు లోపలి నుంచి ఖాకీ గుడ్డ గరుగ్గా తగిలింది.