రక్తం అంటని దూది

శవం మంచం మీద ఉంది. గొంతు దాకా దుప్పటి. టైమ్ పొద్దున పది ఇరవై.

నిర్మల్ పక్కన చిన్న పల్లె. చనిపోయింది రాయమల్లు, అరవై ఏళ్లు, గుండె జబ్బు మనిషి. ఫిర్యాదు చేసింది తమ్ముడు సంపత్. ఎస్సై భానుప్రసాద్ దుప్పటి తొలగించి చెయ్యి వంచబోయాడు. వంగలేదు. కట్టెలా బిగుసుకుపోయింది.

"ఎప్పుడు పోయిండమ్మా?"

"ఎనిమిదింటికి చాయ్ తాగిండు. గంటకే పాణం పోయింది," అంది భార్య బాలవ్వ. ఏడవడం లేదు. గోడ వైపు చూస్తోంది.

గంటలో శవం ఇంతగా బిగుసుకోదు. ఆరేడు గంటలైనా పడుతుంది. పాతికేళ్ల సర్వీసులో భానుప్రసాద్‌తో ఏ శవమూ అబద్ధం చెప్పలేదు. ఆ పని ఎప్పుడూ బతికున్నవాళ్లదే.

సంపత్ అతన్ని పక్కకు పిలిచాడు.

"మా అన్న బిడ్డ కోమల నర్సు సార్. రియాద్‌ల నౌకరి. రేపటితోని వీసా గడువు అయిపోతది. పొద్దుగాల ఆరింటికి కారెక్కింది. రాత్రి అన్న చేతికి సూది ఉండె, మందులెక్కిస్తానికి. ఇప్పుడు లేదు. దాంట్ల ఏదో ఎక్కిచ్చి పోయింది."

"ఫ్లైట్ ఎప్పుడు?"

"మధ్యాహ్నం రెండు నలభైకి."

శంషాబాద్‌కు ఒక్క ఫోన్ చేస్తే పిల్లను ఆపేస్తారు. ఆపితే ఆ ఉద్యోగం మీద ఆశ వదులుకోవలసిందే. భానుప్రసాద్ ఫోన్ తీశాడు. ఏమనుకున్నాడో, మళ్లీ జేబులో పెట్టి శవం ఎడమ చెయ్యి చూశాడు. మణికట్టు మీద ప్లాస్టర్, కింద దూది. ఊడదీసి వెలుతురులో తిప్పి చూశాడు.

పీహెచ్‌సీ డాక్టర్ వచ్చాడు. ఒళ్లంతా చూశాడు, పాత రిపోర్టులు తిరగేశాడు. విషం జాడ లేదు. గుండె ఆగింది. తెల్లవారుజామున మూడు, నాలుగు మధ్య.

ఎస్సై వంటింట్లోకి వెళ్లాడు.

"అమ్మా, ఎనిమిదింటి చాయ్ ఎవరు తాగిండ్రు?"

బాలవ్వ చాయ్ గిన్నె మీద మూత పెట్టింది.

"నాలుగింటికి లేపబోతే సల్లగున్నడు సారూ. పిల్లకు చెప్తే ఆగిపోతది. దినాలయ్యేదాక కదలదు. రెండేండ్లు తిరిగి తెచ్చుకున్న నౌకరి. బాపు మందు మీద పండుకున్నడు, లేపకుమని చెప్పిన. అది ఇమానం ఎక్కినంక ఏడుద్దామనుకున్న. ఇప్పుడేమో ఏడుపొస్తలేదు."

"కోమల ఆయన దగ్గరికి పోలేదా?"

"పోయి కాళ్లు మొక్కొచ్చింది. అప్పుడు నేను గీడ టిఫిన్ డబ్బా కడుతుంటి."

"చేతి సూది నువ్వు తీసినవా?"

"నాకు సూదంటెనే భయం సారూ. నేను చూడనే లేదు."

భానుప్రసాద్ బయటికొచ్చి సంపత్‌కు దూది చూపించాడు.

"బతికున్నోని నరంల నుంచి సూది గుంజితే చుక్కన్న రక్తం అంటుతది. ఇది తెల్లగుంది. అంటే పాణం పోయినంక తీసిండ్రు. మీ వదినకు ఆ పని రాదు. ఆస్పత్రిల పేషెంట్ పోతే, సూదులన్నీ తీసి సాఫ్ చేసి ఇంటోళ్లకు అప్పజెప్పేది నర్సే. కోమల తండ్రికి ఆఖరి డ్యూటీ చేసి పోయింది."

"అంటే... దానికి ఎరుకేనా సార్?"

"ఎరుకే. అవ్వ దాస్తుందని కూడ ఎరుకే."

సంపత్ అరుగు మీద కూలబడ్డాడు. "కేసొద్దు సార్," అన్నాడు.

పదకొండు నలభైకి లోపల ఫోన్ మోగింది. ఇద్దరూ గుమ్మం దాకా వెళ్లారు. బాలవ్వ స్పీకర్ పెట్టుకుని మాట్లాడుతోంది.

"అవ్వా, లోపలికి పోతున్న. బాపు లేచిండా?"

"లేచిండు బిడ్డా. నిన్నే యాదిజేస్తుండు."

అటు నుంచి ఎయిర్‌పోర్ట్ అనౌన్స్‌మెంట్ ఒక్కటే వినిపించింది.

"సరే అవ్వా. నువ్వు జర తిను."

ఫోన్ ఆగిపోయింది. బాలవ్వ మొదటిసారి ఎస్సై ముఖంలోకి చూసింది.

"దానికి ఎరుక లేదు గద సారూ?"

సంపత్ తల దించుకున్నాడు. భానుప్రసాద్‌కు ఈ తల్లి మీద కన్నా, అక్కడ క్యూలో నిలబడ్డ పిల్ల మీదే ఎక్కువ జాలి కలిగింది.

"లేదమ్మా," అన్నాడు.