కిటికీలో మెల్లకన్ను

జమ్మలమడుగు ఇంకా రెండు మైళ్ళుందనగా రోడ్డు పక్కన ఒక నాపరాళ్ళ మిద్దె ఉంది. దాని పేరెత్తితే ఆ దారి ఆటోవాళ్ళు ఉమ్మి ఊస్తారు. యజమాని హబీబుల్లా పోయి మూడేళ్ళు. ముందు తలుపుకు తాళం. పగలు కిటికీలన్నీ మూసే ఉంటాయి. రాత్రయితే మాత్రం పైగది నడిమి కిటికీలో ఒక మొహం వెలుగుతుందట... ఇల్లు కొనజూసిన నలుగురూ ఆ మొహం చూసి పరుగు లంకించుకున్నవాళ్ళే.

ప్రొద్దుటూరులో డ్రాయింగు టీచరు సుప్రియకు ఈ సంగతి ఆటో వీరన్న చెప్పాడు.

"సున్నం కొట్టిన మొహం మేడమ్. చెంపల మీద ఎర్ర చారలు. ఒక కన్ను మనల్నే చూస్తాంటది, ఇంకోటి ముక్కు పక్కకు తిరిగింటది..."

"ఏ కన్ను?"

"ఏందీ?"

"తిరిగింది ఏ కన్ను వీరన్నా?"

"ఎడమదనుకుంటా..." వీరన్న నోరు తెరిచాడు. దెయ్యాన్ని గురించి ఇన్ని ఆరాలు తీసిన మనిషి అతనికి ఇంతవరకు తగల్లేదు.

సుప్రియకు ఒక పిచ్చి ఉంది. కబుకి అని జపానువాళ్ళ నాటకం. ఆ వేషగాళ్ళ బొమ్మల్ని పాతకాలంలో చెక్క మీద చెక్కి, రంగులద్ది, పల్చటి కాగితం మీద అచ్చేసేవాళ్ళు. పదిహేనేళ్ళుగా ఆమె వాటిని ఏరి ఏరి తెప్పించుకుంటోంది. అందులో ఒక బొమ్మ మూడు కాగితాలుగా వచ్చింది. కత్తులు దూసిన ఇద్దరు వేషగాళ్ళు, కుడిదీ ఎడమదీ, ఆమె గోడ మీదే ఉన్నారు. వాళ్ళ నడుమ ఎడమ కన్ను ముక్కు వైపు తిప్పి నిలబడాల్సినవాడు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ఆ ఖాళీ చూసినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండేది.

హబీబుల్లా కువైట్‌లో ఒక జపాను ఇంజనీరుకు డ్రైవరుగా చేసి వచ్చాడని కూడా వీరన్నే చెప్పాడు.

"ఈ రాత్రికే పోదాం పద."

"నేను ఆడ ఆపను మేడమ్. నాకు పెండ్లాం బిడ్డలుండారు."

"ఆపొద్దులే. నిదానంగా పో, నేనే దూకుతా."

దూకింది కూడా. ఆటో ఎర్రదీపం మలుపు తిరిగి మాయమైంది. గాలి లేదు, కుక్క అరుపు లేదు. పైన — ఆ మొహం! వెలుగుతోంది... దాని వెనక ఏదో కదిలింది.

సుప్రియ మిద్దె వెనక్కి పోయి తలుపు తట్టింది.

"ఎవరు?" లోపలినుంచి గుసగుస.

"కిటికీలో ఉండే ఆయన కోసం వచ్చినా. దెయ్యమైనా సరే, నాకు కావాల."

తలుపు ఓరగా తెరుచుకుంది. చేతిలో రోకలితో ఒక ముసలామె. హబీబుల్లా భార్య మెహబూబున్నీసా. ఆమె వెంట మెట్లెక్కితే పైగదిలో దీపం. దీపం ముందు, కిటికీ చువ్వలకు దారంతో కట్టిన పల్చటి కాగితం. సుప్రియ పదిహేనేళ్ళు వెతికిన నడిమి కాగితం.

"నేను పులివెందులలో బిడ్డ దగ్గరుండానని చెప్పి మా మరుదులు ఇల్లు అమ్మజూస్తాండారు. ఇరుగుపొరుగుకు తెలీకుండా పొద్దుమునిగినాకే బేరగాళ్ళను తెస్తారు. నేను యాడికీ పోలేదు బేటీ, పోను. అందరూ ఇంటికి దిష్టిబొమ్మ కట్టుకోరా? నేను మా ఆయన తెచ్చిన ఈ మెల్లకన్నోణ్ణి కట్టుకున్యా."

సుప్రియ చెయ్యి కాగితం మీదికి పోయింది. ముసలామె రోకలి కింద పెట్టింది.

"నీకంత ఇష్టమైతే తీస్కపో. రేపు ఇంకొకడు వస్తాండాడంట... వాని సంగతి ఈ రోకలి చూస్తాది."

సుప్రియకు ఏడుపొచ్చింది. ఆ వెంటే ఆ మరుదుల మీద కోపమొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"రోడ్డు పక్క కిటికీలు ఎన్నుండాయమ్మా?"

"మూడు."

మర్నాటి రాత్రి వచ్చిన బేరగాడు కారు దిగనే లేదు. ఆ మిద్దెలో ఇప్పుడు దెయ్యాలు మూడని చెప్పుకుంటారు. రెండు పక్కలవీ కత్తులు దూసి నిలబడ్డాయట... నడిమిది కన్ను తిప్పిందట.