కాంతిపొర కింద గోడ

ఆ ఉదయం కూడా విహారపట్నం నిన్న కట్టినట్టే మెరిసిపోతోంది. ఒకే వీధిలో బౌద్ధ స్తూపం, శివాలయం, దర్గా, చర్చి. రెండువేల ఏళ్లలో ఒక్కొక్కటిగా లేచిన ఆ కట్టడాలన్నిటిమీదా పదేళ్ల కిందట, వాటి కొత్తనాటి రూపం చూపే కాంతిపొర కప్పారు. రాలిన గచ్చు, విరిగిన శిల్పం, ఏదీ కంటికి కనబడదు. చేయి పెడితేనే తెలుస్తుంది.

తాపీమేస్త్రి బుడే సాహెబు చర్చి గోడను తడిమాడు. ఆ నాలుగింటికీ తరతరాలుగా సున్నం పూసిన వంశం అతనిది. పొర వచ్చాక మరమ్మతులు ఆగిపోయాయి.

"దేవదానం, పగుల్లో నాలుగు వేళ్లూ దూరుతున్నాయి. లోపలికెళ్లమాకు," అన్నాడు చర్చి గంట కొట్టేవాడితో.

"గంట కొట్టేసొస్తా మావా. నలభై ఏళ్ల అలవాటు, ఇయ్యాల మానెయ్యమంటే ఎట్టా?"

గంట రెండుసార్లు మోగింది. మూడోసారికి గోడ కూలి, నేల అదిరి, దుమ్ము లేచింది. పొరలోని గోడ మాత్రం మునుపటిలాగే తళతళలాడుతూ నిలబడి ఉంది. యాత్రికులు ఫొటోలు తీసుకుంటూనే ఉన్నారు.

బుడే సాహెబు ఆ వెలుగులోకి దూరిపోయి ఇటుకలు లాగసాగాడు.

"మనిషున్నాడయ్యా లోపల! పొర తీయించండి!"

ఎవరికీ అర్థం కాలేదు. వాళ్లకు గోడ నిలువునా కనబడుతోంది. అర్థమై నలుగురూ చేతులు వేసేసరికి దేవదానం ప్రాణం పోయింది.

బుడే సాహెబు నెలపాటు తిరగ్గా తిరగ్గా పొర ఆపడానికి పురపాలకులు ఒప్పుకున్నారు. ఫిర్యాదు చేసినవాడు ఒక పలకమీద వేలిముద్ర వేస్తే చాలు, పొర ఆగిపోతుందన్నారు. ఆ పలక పట్టుకుని అతను తెల్లవారగానే చర్చి దగ్గరికి వచ్చాడు. ఎదుటి అరుగుమీద దేవదానం భార్య కరుణమ్మ కూర్చుని ఉంది.

ఆరయింది. చర్చి తలుపు దగ్గర దేవదానం ప్రత్యక్షమయ్యాడు. వీధిలో రోజూ తిరిగేవాళ్ల రూపాలనూ పొర ఏనాడో తనలో కలుపుకుంది. అతను తాళం తీసి, ఒక్కసారి వెనక్కి చూసి నవ్వాడు.

"రోజూ అట్టాగే చూత్తాడన్నయ్యా," అంది కరుణమ్మ. "దాన్ని తీసెయ్యమాకు. నీకు దండం పెడతా."

బుడే సాహెబు వీధివైపు తిరిగాడు. బడిపిల్లలు శివాలయం ప్రహరీని ఆనుకుని నడిచిపోతున్నారు. ఆ ప్రహరీ ఎంత గుల్లయిందో అతని చేతులకు తెలుసు.

"ఇంకొకరు పోకూడదు చెల్లెమ్మా."

దేవదానం లోపలికి వెళ్లేదాకా ఆగి, వేలు నొక్కాడు.

వీధంతా ఒక్కసారిగా ముసలిదైపోయింది. చర్చి ఉన్నచోట ఇటుకల కుప్ప. కరుణమ్మ దానివైపు చాలాసేపు చూసింది. ఏడవలేదు. లేచి, అతన్ని దాటుకుని వెళ్లిపోయింది.

ఏడాది మరమ్మతులతో గోడలన్నీ గట్టిపడ్డాయి. కరుణమ్మ మాత్రం మళ్లీ ఆ వీధిలో అడుగు పెట్టలేదు.