వంటింటి కింద గుహ

ఆటో గుట్ట కింద ఆగగానే రెహానా అలవాటుగా భూదర్శిని అద్దాలను కళ్ల మీదికి దించుకుంది. కాళ్ల కింద నేల గాజులా తేటపడింది. అట్టడుగున గ్రానైటు, దాని మీద పాపాఘ్ని, చిత్రావతి వర్గాల శిలలు, అన్నిటికీ పైన వయసులో చిన్నదైన కర్నూలు వర్గం: నాపరాయి, పలకరాయి, గుట్ట నెత్తిన పలుగురాయి. ఈ అద్దాలు వచ్చాక అవుకు ప్రాంతంలో నీళ్లు పడని చోట బోరు వేసినవాడు లేడు, కుంగిన గోడ లేదు. భూస్తర శాఖ అధికారిణిగా వాటిని ఇంటింటికీ పంచింది ఆమే.

పక్కన నీలవేణి క్యారియరు పట్టుకొని గుట్ట ఎక్కుతోంది. ఆమె భర్త మద్దిలేటి దసరా నుంచి పైన రేకుల షెడ్డులోనే ఉంటున్నాడు. అద్దాలు పెట్టుకున్న మొదటి రోజే తమ వంటింటి కింద, నాపరాయిలో, పెద్ద గుహ చూశాడతను.

"ఆ గుహ కప్పు మందం మళ్లీ కొలిచాం మద్దిలేటి గారూ," అంది రెహానా షెడ్డులో అతని ఎదుట కూర్చుంటూ. "వేల ఏళ్లు నిలుస్తుంది."

"మీ లెక్క తప్పని కాదు మేడమ్. పండుకుంటే వీపు కింద ఏమీ లేనట్టుంటాది. అద్దాలు తీసినా అంతే."

"ఈ గుట్ట అడుగునా నాపరాయే ఉంది. అందులోనూ సొరంగాలున్నాయి."

"చూసినా. ఈడ గూడా నిద్ర ల్యా."

రాయి ఎంత బరువు మోస్తుందో రెహానా శాఖ లెక్కగట్టింది. ఆ లెక్క నమ్మినా నిద్రపట్టని మనిషి ఒకడుంటాడని ఎవరికీ తట్టలేదు.

నీలవేణి సంగటి ముద్ద గిన్నెలో పెట్టి అతని ముందుకు జరిపింది. ఆమె ఆ అద్దాలు ఎన్నడూ పెట్టుకోలేదు.

"ఆ వంటింట్లో నేను పూటపూటా తిరుగుతాండా గదా," అంది నెమ్మదిగా. "కూలుతుందనే అనుకుంటివి. నన్ను ఆడనే ఇడిచి నువ్వొక్కనివే వస్తివి."

మద్దిలేటి చెయ్యి ముద్ద మీదే ఆగిపోయింది.

"పిలిస్తే వస్తుంటివా?"

"రాకపోతుంటినేమో. పిలిచి ఉండాల్సింది."

ఆమె లేచి గుట్ట దిగింది, వెనకే రెహానా. అతను సంగటి తినకుండానే క్యారియరులో సర్దాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాడు. గడప దగ్గర ఊపిరి బిగబట్టి, గోడ పట్టుకొని, వంటింటి మధ్యకు నడిచి నిలబడ్డాడు. నీలవేణి అది చూసింది. పళ్లెంలో అన్నం వడ్డించింది.

కూర్చోమని మాత్రం అనలేదు.