తెగిన పోగు

నవాగామ్‌లో ఆ ఎండాకాలం సాంచాలన్నీ ఆగిపోయాయి. పగలూ రాత్రీ ఆ మరమగ్గాల మోతలో బతికిన గల్లీలో ఇప్పుడు దగ్గులు తప్ప ఇంకో చప్పుడు లేదు. బిక్షపతి కొడుకు సుమన్ రేకుల గదిలో మంచం పట్టాడు. జన్మంతా ఊరికి బట్ట నేసిపెట్టిన మనిషి కొడుక్కి ఏ దవాఖానాలోనూ చోటు దొరకలేదు. గేటు దగ్గర చేతులు జోడిస్తే కర్ర చూపించారు. చివరికి తెలిసినవాళ్ల కాళ్లు పట్టుకుని బిక్షపతి ఒక ఆక్సిజన్ సిలిండర్ ఇంటికి తెచ్చాడు.

"సముద్రంల మునిగేటోనికి సిలిండర్ కొత్తనా?" అంటూ భాగీరథి కొడుకు నుదుటి మీద తడిగుడ్డ వేసింది. "తండ్రేమో సాంచాను ఇడ్వడు. కొడుకేమో నీళ్లను ఇడ్వడు. నా ఇంట్ల ఒక్కడన్న నిమ్మలంగ కూసోడాయె." నవ్వబోయి, కళ్లు తుడుచుకుంటూ గంజి కాచడానికి బయటి పొయ్యి దగ్గరికి వెళ్లింది.

సుమన్ లక్షద్వీప్‌లో, వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని పర్యాటకులను సముద్రం లోపలికి తీసుకెళ్లే పని చేసేవాడు. అక్కడా పని ఆగిపోతే ఇల్లు చేరాడు. వెంట జ్వరం తెచ్చుకున్నాడు. వేలికి పెట్టిన ఆక్సిమీటర్‌లో అంకె పడిపోతూనే ఉంది.

"నాయినా... నా కాలికి పోగున్నదా?"

బిక్షపతి దుప్పటి ఎత్తాడు. చీలమండకు సన్నటి నైలాన్ పోగు చుట్టుకుని ఉంది. జానెడు వేలాడుతోంది. కొస తెగి ఉంది.

"ఉన్నది. తీసేద్దునా?"

"ముట్టకు. తెగిందాన్ని తెగినట్లే ఉండని."

ఆగి ఆగి చెప్పాడు. చివరిసారి పగడపు దిబ్బ దగ్గర దిగినప్పుడు మాంటాలు వచ్చాయట. సాంచా కంటే వెడల్పు చేపలు. ఆరేసిన చీర గాలికి ఆడినట్టు రెక్కలు ఆడిస్తూ తల మీదుగా పోతాయట. ఒకదాని రెక్కకు గాలం దారం చిక్కుకుని ఉంది. విడిపిద్దామని కత్తి పట్టుకుని దగ్గరికి పోయాడు. దారం రెండో కొస దిబ్బ అంచు దాటి, వెలుతురు లేని లోతులోకి దిగి ఉంది.

"రాయికి తట్టుకున్నదేమో?"

"రాయి గుంజదు గద నాయినా. అది గుంజుతుండె... చేప పాణం పోతదని కోసిన. చేప పోయింది. కింది కొస నా కాలికి చుట్టుకున్నది. దాన్ని సుత కోసి పైకొచ్చిన." ఆయాసంతో రొప్పాడు. "అది ఇడ్వలే. ఎతుకుతున్నది."

"జరంల గట్లనే అనిపిస్తది బిడ్డా. పండుకో."

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది. రేకుల సందుల్లోంచి పడే ఎండ మసకబారింది. వెడల్పాటిది ఏదో ఇంటి మీదుగా నిదానంగా పోతున్నట్టు, నీడ ఈ గోడ నుంచి ఆ గోడకు జరిగింది. మబ్బు అనుకున్నాడు బిక్షపతి. నాచు వాసన... ఉప్పు వాసన...

కొడుకు పాదాల దగ్గర కూర్చున్నాడు. ఎన్నో రోజులుగా నిద్ర లేదు. రెప్పలు వాలాయి. తలుపు కింది నుంచి ఒక పోగు లోపలికి వస్తోంది. సన్నగా... తడిగా... మంచం కోడు దాకా వచ్చి ఆగింది.

పోగు తెగితే రెండు కొసలూ దొరకబట్టి ముడెయ్యాలి. మీసం రాకముందు నుంచి అదే పని. ఆ చేతులకు కళ్లతో పనిలేదు, మనసుతోనూ పనిలేదు. వేళ్లు ఆ కొసనూ సుమన్ కాలి కొసనూ కలిపాయి. ముడి పడింది.

అప్పుడు మెలకువ వచ్చింది.

పోగు బిగిసింది.

"వద్దంటి గద..." సుమన్ పెదవులు కదిలాయి.

బిక్షపతి గోళ్లతో లాగాడు. పళ్లతో కొరికాడు. తను వేసిన ముడి... ఎన్నడూ విడని ముడి. మంచం కిర్రుమని జరిగింది. సుమన్ ఆయాసం ఆగిపోయింది.

భాగీరథి గంజితో వచ్చేసరికి సుమన్ లేచి కూర్చుని ఉన్నాడు. ఆక్సిమీటర్‌లో తొంభై తొమ్మిది.

"నా తండ్రీ! లేసినవా!"

గటగటా తాగాడు. "ఉప్పెయ్యవ్వా. ఇంకింత. ఇంకింత."

ఆమె ఏడుస్తూ నవ్వుతూ పిడికెడు వేసింది.

బిక్షపతి చేతిని కొడుకు ముక్కు దగ్గర పెట్టాడు. ఊపిరి తగల్లేదు. ఛాతీ కదల్లేదు.

సుమన్ నవ్వి చేయి చాచాడు. "రా నాయినా. భయపడకు. ఈడ లోతు లేదు."

బిక్షపతి కిందికి చూశాడు. నేల పొడిగానే ఉంది. అతని లుంగీ మాత్రం మోకాళ్ల దాకా తడిసి, లేని నీళ్లలో తేలుతూ మెల్లగా అటూ ఇటూ ఊగుతోంది...