తీగ చివరి మెట్లగది

మా వీధి చివరింటి మేడ మీద ఓ మెట్లగది ఉంది. అప్పట్లో రాత్రి తొమ్మిది దాటాక అటువైపు ఎవరూ తలెత్తేవారు కాదు.

ఆ ఇంట్లో మూడేళ్లుగా మనుషుల్లేరు. కరెంటు కనెక్షన్ తీసేసి కూడా మూడేళ్లే. అయినా రాత్రిళ్లు ఆ మెట్లగదిలో ట్యూబ్‌లైటు వెలుగుతుంది. వెలగడమంటే నిండుగా కాదు... పాలిపోయినట్టు, ఆగి ఆగి. టక్కున ఆరుతుంది. మళ్లీ వెలుగుతుంది. లోపల ఎవరో ఊపిరి తీసుకుంటున్నట్టు.

మొదట చూసింది మా వీధి టైలరు. మిషను ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఓ చొక్కాకి మూడో చెయ్యి కుట్టేశాడు. ఆ చొక్కా ఇప్పటికీ కొట్లోనే వేలాడుతోంది. నమ్మనివాళ్లకి తీసి చూపిస్తాడు.

నేను చెప్పబోయేది సగం ఆయన చెప్పిందే. మిగతా సగం మా బాబాయి చెప్పాడు. ఇద్దరి మాటలూ కలవని చోట నాకు నచ్చింది తీసుకున్నాను.

బాబాయి లిఫ్టు మెకానిక్. పన్నెండో అంతస్తులో ఇనప తాడు పట్టుకుని వేలాడమంటే ఈల వేసుకుంటూ వేలాడతాడు. ఇంట్లో కరెంటు పోతే మాత్రం పిన్ని వెనకాలే నడుస్తాడు, మంచినీళ్లకైనా సరే. ఆ మనిషికి హామ్ రేడియో పిచ్చి పట్టింది... ఇంట్లో కూర్చునే దేశదేశాలవాళ్లతో మాట్లాడొచ్చట. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాడు. కాల్ సైన్ కూడా ఇచ్చారు. కాల్ సైన్ అంటే ఆకాశంలో మన పేరన్నమాట... ప్రపంచంలో ఇంకెవరికీ అది ఉండదు. ఎవర్ని పిలిచినా ఆ పేరు చెప్పి తీరాలి.

సెట్టు తేలిగ్గానే దొరికింది. చిక్కల్లా యాంటెన్నా దగ్గరే. ఒక్క తీగతోనే నాలుగైదు బ్యాండ్లు పలకాలంటే అది నలభై ఒక్క మీటర్లుండాలట. మా మేడ పొడవు పదకొండు. బాబాయి టేపు పట్టుకుని వీధంతా కొలిచాడు. తీగ తిన్నగా, ఏ కరెంటు తీగకీ తగలకుండా, సరిగ్గా అందేది ఒక్క చోటికే.

చివరింటి మెట్లగదికి.

ఆ ఇల్లు రిటైరైన లెక్కల టీచరమ్మది. ఆవిడ రెండు వీధుల అవతల ఉంటారు. చిన్నప్పుడు బాబాయికి ఎక్కాలు నేర్పింది ఆవిడే. "కట్టుకోరా, నాకేం పోయింది" అన్నారు.

ఆదివారం పొద్దున్నే గాలం దారానికి స్పానర్ కట్టి విసిరాడు బాబాయి. మొదటిసారి స్పానర్ టైలరు కిటికీలోంచి లోపలికెళ్లింది. తిరిగి రాలేదు. రెండో స్పానర్ మేడ దాటింది. దారం వెనక తాడు, తాడు వెనక తీగ... చివర పింగాణీ ముక్క బిగించి, మెట్లగది కప్పు మీది గొట్టానికి కట్టేశాడు. గాలికి తెగకుండా మా వైపు కొసని కప్పీ మీంచి దించి ఇటుక వేలాడదీశాడు. అటు కొస సరిగ్గా మెట్లగది వెంటిలేటరు పక్కన, జానెడు దూరంలో ఆగింది.

వారం తిరక్కుండా దెయ్యం దిగింది.

వీధి మొత్తానికి కనిపించింది. బాబాయికి తప్ప.

రాత్రయితే గదిలో చేరి, గోడవైపు తిరిగి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని అక్షరాలని పొడుగూ పొట్టీ టకటకలుగా పంపే మోర్స్ కీ ఆడిస్తుంటాడా... బయట గోల వినిపించి కీ వదిలేసి పరిగెత్తుకొస్తాడా... అప్పటికి అక్కడ చీకటి. ఎన్నిసార్లు వచ్చినా అంతే.

"నన్ను చూసే దాక్కుంటోందంటే... నా మీదే కన్నుందేమోనే" అని పిన్ని చెవిలో గొణిగాడట.

"మీ మీద కన్నేసేంత తీరిక దానికెక్కడిది" అందట పిన్ని. పాపం, అదో ఓదార్పు.

టైలరు మాత్రం తేల్చేశాడు. "తీగ కట్టకముందు లేదు. కట్టాక వచ్చింది. దాని మీంచే నడిచొచ్చింది." ఆ మాట వీధంతా పాకింది. టీచరమ్మ అమ్మకానికి పెట్టిన ఆ ఇల్లు కొనడానికి వచ్చినవాళ్లు ఇద్దరు గేటు కూడా తియ్యకుండా వెనక్కి తిరిగారు.

చివరికి టీచరమ్మే మా ఇంటికి వచ్చారు. చేతిలో కత్తెర.

"రేపు పొద్దున తీగ తీసెయ్ రా."

బాబాయి తీగవైపు చూశాడు. రెండు నెలల్లో ఆ తీగ మీద తొమ్మిది దేశాలు పలికాయి మరి. ఇంకెక్కడ కట్టినా పొడవు చాలదు. "దెయ్యం లేదు టీచర్" అన్నాడు మెల్లగా.

"లేదని నువ్వు చూశావా?"

"ఉందని కూడా చూళ్లేదు టీచర్."

"ఇవాళ రాత్రి ఆ గదిలో కూర్చో. తొమ్మిది నుంచి పదకొండు దాకా. వెలక్కపోతే తీగ నీది. వెలిగిందా... అక్కడికక్కడే కోస్తా."

తొమ్మిదింటికి బాబాయి మెట్లగదిలో కూర్చున్నాడు. ఒక టార్చి, ఒక నీళ్ల సీసా. కింద వీధిలో ప్లాస్టిక్ కుర్చీలో టీచరమ్మ. ఆవిడ కుర్చీ వెనక టైలరు... కాపలాకట.

తొమ్మిదిన్నర. ఏమీ లేదు.

పది. బల్లి ఒకటి గోడ మీద అటు నుంచి ఇటు నడిచింది. బాబాయి దానికి దారిచ్చాడు.

పదిన్నర. ఏమీ లేదు. ఈల మొదలుపెట్టాడు.

పదకొండుకి పావు తక్కువ. లేచి ప్యాంటు దులుపుకున్నాడు. తీగ దక్కినట్టే...

అప్పుడు — నెత్తి మీద ట్యూబు వెలిగింది.

ఈల అక్కడే ఆగిపోయింది. కింద టైలరు "అదిగో... అదిగో..." అంటున్నాడు.

ఆరింది. వెలిగింది. ఆరింది.

ఒక పొడుగు... ఒక పొట్టి... ఒక పొడుగు... ఒక పొట్టి.

భయం భయమే. కానీ రెండు నెలలుగా ఈ పొడుగూ పొట్టీ చదివిన బుర్ర కదా... తనంతట తానే చదవడం మొదలెట్టింది. రెండే అక్షరాలు, మళ్లీ మళ్లీ. హామ్‌వాళ్లు ఆకాశంలోకి వేసే మొదటి కేక అది. దానర్థం —

ఎవరైనా ఉన్నారా... ఎవరైనా ఉన్నారా...

బాబాయి వెన్ను గోడకి అతుక్కుపోయింది. కేక అయ్యాక ట్యూబు తన పేరు చెప్పుకుంది. కాల్ సైన్. అది బాబాయిది కాదు. తనకి తెలిసినవాళ్లెవరిదీ కాదు.

ఇక్కడ బాబాయి చేసిన పని దెయ్యాలు చూసినవాళ్లెవరూ చేసి ఉండరు. పిలిచినవాళ్లకి బదులివ్వకపోతే హామ్‌లలో మర్యాద కాదు. టార్చి పైకెత్తి, వెలిగించీ ఆర్పీ, తన కాల్ సైన్ చెప్పాడు. ఆ వెంటనే — మీ సిగ్నల్ చాలా స్పష్టంగా ఉంది, కృతజ్ఞతలు.

కింద ఉన్నవాళ్లకి కనిపించిందేమిటంటే... దెయ్యం ఏదో అడిగింది, మనిషి జవాబు చెప్పాడు. టైలరు టీచరమ్మ కొంగు పట్టుకున్నాడు.

ట్యూబు ఆగింది. చీకటి... వింటున్నట్టు.

తర్వాత మళ్లీ అదే కేక. ఎవరైనా ఉన్నారా...

"నా జవాబు అందలేదు" అని ముందు నొచ్చుకున్నాడట బాబాయి. ఆ నొప్పిలో భయం కాస్త సద్దుకుని, వెంటిలేటరులోంచి చూశాడు. పక్కనే తీగ కొస. తీగ చీకట్లో వీధి మీంచి సాగి సాగి... అవతలి కొసన వెలుగుతున్న కిటికీ ఒక్కటే ఉంది.

తన గదిది. లైటు ఆర్పే వచ్చాడు.

మూడేసి మెట్లు దూకాడు. వెనకాల కత్తెరతో టీచరమ్మ. ఒంటరిగా ఉండలేక టైలరు.

గది తలుపు తీసేసరికి — బల్ల ముందు వాళ్లవైపు వీపు పెట్టి ఒకావిడ. చెవులకి హెడ్‌ఫోన్లు. వేళ్లు కీ మీద.

పిన్ని.

"ఆ కాల్ సైన్..." అన్నాడు బాబాయి.

"నాదే. గురువారం వచ్చింది." పిన్ని హెడ్‌ఫోన్లు ఒక చెవి మీంచి జరిపింది. "మీరు చదివి అటక మీద పడేసిన పుస్తకాలే చదివాను. టకటకలు గోడ అవతల రోజూ వింటున్నవే. మీరు లేచి వెళ్తే కదండీ నాకు కుర్చీ దొరికేది. ఇవాళ దొరికింది."

టీచరమ్మ కిటికీ దగ్గరకెళ్లారు. "ఏదీ, నొక్కమ్మా."

పిన్ని నొక్కింది. చివరింటి మెట్లగది వెలిగింది. వదిలింది. ఆరింది. టీచరమ్మ మూడుసార్లు సరిచూశారు, లెక్క తప్పిపోతుందేమో అన్నట్టు.

"తీగ కొసన వోల్టేజీ బాగా ఎక్కువుంటుంది టీచర్" అన్నాడు బాబాయి నేల చూస్తూ. "పక్కన ట్యూబుంటే కనెక్షన్ లేకపోయినా వెలుగుతుంది."

"అంటే రెండు నెలలుగా మా ఇంటి దెయ్యానివి నువ్వేనన్నమాట."

"...అవును టీచర్."

"రేపు ఆ ట్యూబు ఊడదీసి పారెయ్. తీగ ఉండనీ." కత్తెర చేతిసంచిలో పడింది. టైలరు అప్పటికి కొంగు వదిలాడు.

బాబాయికి పోయిన ప్రాణం లేచొచ్చింది. స్టూలు లాక్కుని, హాయిగా నవ్వుకుంటూ కీ వైపు చెయ్యి చాపాడు.

పిన్ని వెనక్కి తిరక్కుండానే వేలెత్తింది.

"ష్... ఎక్కడో చాలా దూరం నుంచి... ఎవరో నన్ను పిలుస్తున్నారు."

బాబాయి చెయ్యి గాల్లోనే ఉంది.

"ఏవండీ" అంది పిన్ని, ఇంకా మెల్లగా. "వెళ్తూ వెళ్తూ ఆ తలుపు దగ్గరగా వేసెళ్లండి."